ఖాళీ సైటు మీద మీటింగు

ఆదివారం పదకొండింటికి మా అపార్ట్‌మెంటు పార్కింగులో మీటింగ్ అన్నారు, కుర్చీలు వేసేసరికే పన్నెండయింది. బెంగళూరులో మా కగ్గదాసపుర క్రాసులోని సూపర్‌మార్కెట్ వాళ్ళు పక్కనున్న 40x60 ఖాళీ సైటు కూడా తీసుకుని షాపు పెద్దది చేస్తారట. దాని మీద అర్జీ పెట్టడానికే ఈ మీటింగ్. కింద కూరగాయలు, పైన గిన్నెలు, బట్టలు.

నాకు ఆ షాపు మీద కోపమేం లేదు. నెల సరుకులు అక్కడే కొంటాను. నా బాధంతా వెనక గేటుతోనే. పొద్దున ఐదున్నర నుంచి లోడు బండ్లు వస్తూనే ఉంటాయి. మా రోడ్డే ముప్ఫై అడుగులు, అందులో రెండు పక్కలా కార్లు. ఒక బండి రివర్సు తీసుకోవడం మొదలెడితే స్కూలు వ్యాను లోపలికి రాదు, పిల్లల్ని పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా పరుగు. ఆ మెయిన్ రోడ్డు సంగతి ఈ ఏరియాలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. షాపు రెండింతలయితే బండ్లు ఎన్నింతలవుతాయో!

మీటింగులో ముందు అరగంట సైట్ల రేట్లతోనే సరిపోయింది. పెరుగుతాయని ఒకరు, పడిపోతాయని ఒకరు. అద్దెకుండే మేము ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం. తర్వాత నీళ్ళ గొడవ. 2024 ఎండాకాలం ఎవరూ మర్చిపోలేదు. ఆ మార్చిలో ప్రభుత్వమే ట్యాంకర్లకి ధర కట్టాల్సి వచ్చింది, ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకి వెయ్యి రూపాయలని. షాపువాళ్ళు కొత్త బోరు వేస్తే మన బోరు ఎండుతుందని ఒకాయన టెన్షన్. సరుకులమ్మే షాపు ఎంత తాగుతుంది? ఎదురుగా ఉన్న పీజీ అంతకు ఎన్నో రెట్లు తాగుతుంది. దాని మీద మీటింగ్ ఎప్పుడూ పెట్టలేదు. ఆ పీజీ ఓనరు ముందు వరసలోనే ఉన్నాడు మరి.

పనికొచ్చే మాట చెప్పింది మూడో అంతస్తు రిటైర్డ్ అంకుల్ ఒక్కరే. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఆరు దాకా 45 దాటకూడదని 2000 నాటి రూల్సులో ఉందట. ఐదున్నరకి వచ్చే బండి అంటే రాత్రి లెక్కే. "షాపు వద్దని రాస్తే ఎవరూ చదవరమ్మా. ఆరింటికి ముందు బండి రాకూడదు, లోడు వాళ్ళ సైటు లోపలే దించాలి, జనరేటరుకి శబ్దం రాకుండా డబ్బా పెట్టాలి. ఇట్లా రాయండి" అన్నారు.

అర్జీ ఎవరికి అన్నది ఇంకో చర్చ. బెంగళూరు మొత్తానికీ ఒకటే కార్పొరేషనుగా ఉన్న బీబీఎంపీ పోయి 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మనది ఈస్ట్ అని సగం మంది, కాదు సెంట్రల్ అని సగం మంది. మన సి.వి. రామన్ నగర్ నియోజకవర్గం సెంట్రల్‌లోకే వెళ్ళిందని అంకులే తేల్చారు.

ఆ సైటు ముందు తోపుడు బండి పెట్టుకునే ఆకుకూరలామె గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. కోలారు జిల్లా ముళబాగిలు వైపు ఆమె, మన తెలుగే. సాయంత్రం మెంతికూర కొంటూ వీధి వ్యాపారుల కార్డుందా అని అడిగాను. "ఇంట్లో ఉండాదక్కా. కరోనా అప్పుడు పదివేలు లోను ఇచ్చినారే, అప్పుడు రాసిచ్చినారు" అంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముప్ఫై రోజుల నోటీసు లేకుండా లేపకూడదని చెప్పాను. "నోటీసు ఎవురిస్తారక్కా, పోలీసోళ్ళు వచ్చి కాటా ఎత్తుకుపోతారు, అంతే" అని నవ్వి, ఇంకో కట్ట కొత్తిమీర వేసింది.

రాత్రి అంకుల్‌కి ఫోన్ చేసి అర్జీలో ఆమె చోటు మాట కూడా కలపమన్నాను. అపార్ట్‌మెంటు సెక్రటరీ ఒప్పుకోడేమో అన్నారు. అయితే సంతకం పెట్టనన్నాను. కాసేపాగి, సరే నాలుగో పాయింటుగా పెడదాం, కానీ కన్నడంలో రాయించే పని నీదే అన్నారు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది దావణగెరె, కన్నడమే. రేపు లంచ్‌లో పట్టుకోవాలి.