సీల్ తీశాక వెనక్కిస్తే ఎంత కోయొచ్చు?

కాకినాడలో మాది చిన్న కంప్యూటర్ షాపు. ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు అమ్ముతాం, రిపేర్లు చేస్తాం. ఆమధ్య కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేయడానికి వచ్చిన కుర్రాడు, బిల్లు అడుగున ఉండే షరతులు నన్ను అడగకుండానే టైప్ చేసి పెట్టేశాడు. మొదటి షరతే "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". తీసేయమన్నాను. "అందరి బిల్లు మీదా ఉంటుంది కదండీ" అన్నాడు. ఉంటుంది, నిజమే. బిల్లు పుస్తకాలు ప్రెస్సులో కొట్టించుకున్న రోజుల్లో కూడా మనం చెప్పకపోయినా ఆ లైను వేసే ఇచ్చేవాళ్లు. అయినా మా బిల్లు మీద అది ఉండకూడదని పట్టుబట్టి తీయించాను.

ఆ లైను చూసి ఎంతమంది వెనకడుగు వేస్తారో కౌంటర్ వెనక కూర్చునే నాకు తెలుసు. సరుకు చెడిపోయి వచ్చినా, బిల్లు మీద రాసుంది కదా, ఇంకేం అడుగుతాంలే అనుకుని వెళ్లిపోతారు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం, అంటే 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, వేరే మాట చెబుతుంది. అనుచిత వ్యాపార పద్ధతులు ఏమిటో వివరించే సెక్షన్ 2(47)లో, లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోకపోవడాన్ని కూడా చేర్చారు. బిల్లులో గడువు రాసుంటే ఆ గడువు లోపల, ఏమీ రాయకపోతే 30 రోజుల లోపల. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. కాబట్టి పాడైన సరుకు విషయంలో ఆ లైను చూపించి పంపేయడం కుదరదు.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. మా అన్నయ్యకి లెక్కలు చెప్పినాయన. ఊళ్లోనే ఒక పెద్ద షాపులో 43 అంగుళాల టీవీ కొన్నారు. కంపెనీ టెక్నీషియన్ ఇన్‌స్టలేషన్‌కి వచ్చి, పెట్టె విప్పి, గోడకి బిగించి ఆన్ చేస్తే తెర మధ్యలో నిలువునా గీత. పగులు లేదు, దెబ్బ లేదు. ఆ అబ్బాయి మంచివాడు, జాబ్ షీట్ మీద ప్యానెల్ డిఫెక్ట్ అని రాసి సంతకం పెట్టి వెళ్లాడు. మాస్టారు షాపుకి వెళితే, మారుస్తాం గానీ పెట్టె విప్పేశారు కాబట్టి 4,000 రూపాయలు కట్టాలన్నారు. వెనక్కొచ్చిన సరుకు మీద షాపు ఇలా కోసుకునే డబ్బునే అమెరికాలో రీస్టాకింగ్ ఫీజు అంటారు. మా మార్కెట్‌లో దానికి ప్రత్యేకంగా పేరేమీ లేదు, "ఇంత కట్ అవుద్దండి" అంటారు, అంతే.

ఆయన డబ్బు కట్టేద్దామనే అనుకున్నారు. గొడవలంటే భయం. దారిలో మా షాపు దగ్గర ఆగి, "ఇది మామూలేనా బాబూ?" అని అడిగారు.

"మామూలు కాదు మాస్టారూ, ఒక్క రూపాయి కూడా కట్టకండి" అన్నాను. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పెట్టె విప్పకుండా టీవీలో గీత ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? విప్పింది కూడా ఆయన కాదు, కంపెనీ మనిషే. సరుకు పాడైతే ఆ నష్టం తయారుచేసినవాళ్లది. వాళ్ల దగ్గర వసూలు చేసుకోవడం అమ్మినవాళ్ల పని. వాళ్లకి ఆ పనికి పద్ధతి కూడా ఉంది. పెట్టె విప్పిన వెంటనే పాడైనట్టు తేలిన సరుకుని మేము డీఓఏ అంటాం. సర్వీస్ సెంటర్ పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తే డిస్ట్రిబ్యూటర్ మాకు కొత్త పీస్ ఇస్తాడు, లేదా మా ఖాతాలో జమ వేస్తాడు. ఎన్ని రోజుల్లోపు అనేది కంపెనీని బట్టి మారుతుంది. అంటే డీలరుకి డబ్బు తిరిగొచ్చే దారి ఉండగా కొన్నవాళ్ల దగ్గర కోత కోయడం ఏమిటి?

ఇద్దరం కూర్చుని ఒక ఉత్తరం రాశాం. కొన్న తేదీ, బిల్లు నంబరు, టీవీ సీరియల్ నంబరు, జాబ్ షీట్‌లో టెక్నీషియన్ రాసిన మాట, సెక్షన్ 2(47), కోత లేకుండా మార్చి ఇవ్వమని కోరిక. బిల్లు, జాబ్ షీట్ జిరాక్సులు జత చేశాం. అసలు కాగితాలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దని ఆయనకి గట్టిగా చెప్పాను. షాపువాళ్లు ఉత్తరం తీసుకుని కదల్లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయించాను. తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. ఫిర్యాదు నమోదైన కొద్ది రోజులకే షాపు నుంచి ఫోన్ వచ్చింది, కొత్త టీవీ వచ్చింది, కోత లేదు.

హెల్ప్‌లైన్ తీర్పు చెప్పే కోర్టు కాదు, అవతలివాళ్లతో మాట్లాడి ఒప్పించే ప్రయత్నం చేస్తుంది. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. వివాదం మొదలైన రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు కింద ఫలానా ఊరి కోర్టు పరిధికే లోబడి అని రాసున్నా, మీరు ఉండే చోటో పనిచేసే చోటో ఫిర్యాదు వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది. ఉద్యోగం హైదరాబాదులో చేస్తూ వస్తువు కాకినాడలో కొన్నవాళ్లకి ఇది పెద్ద ఊరట.

ఇంతవరకు పాడైన సరుకు సంగతి. సరుకు బాగానే ఉండి మనసు మారితే?

ఇక్కడ షాపువాడిగా నా వైపు మాట కూడా వినాలి. రంగు నచ్చలేదు, బరువు ఎక్కువైంది, మా బావ ఇంకోటి కొనమన్నాడు లాంటి కారణాలకి సరుకు తిరిగి ఇచ్చే హక్కు మన చట్టంలో లేదు. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవాటిలో చాలావాటిని 14 రోజుల్లో కారణం చెప్పకుండానే తిరిగి ఇచ్చేయొచ్చు. మన దగ్గర అది షాపు పెట్టుకున్న పాలసీయే. సీల్ తీయని పీస్ వెనక్కొస్తే నాకు నష్టం లేదు. జీఎస్టీ బిల్లుకి క్రెడిట్ నోట్ రాయాలి, అంతే. సీల్ తీస్తే కథ మారుతుంది. డిస్ట్రిబ్యూటర్ బాగున్న పీస్‌ని వెనక్కి తీసుకోడు. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ఎంఎస్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మొదట ఎవరి అకౌంట్‌తో యాక్టివేట్ చేస్తే వాళ్లదే అయిపోతుంది, తర్వాత కొన్నవాళ్లకి రాదు. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో ఒకసారి ఇంక్ పోశాక దాన్ని కొత్తదని ఎవరూ అనరు. 52,000 ల్యాప్‌టాప్‌ని ఓపెన్ బాక్స్, అంటే పెట్టె విప్పిన పీస్ అని చెప్పి అమ్మబోతే 48,000 రావడం గగనం. అసలు ఆ ల్యాప్‌టాప్ అమ్మితే నాకు మిగిలేదే రెండు వేలు.

అందుకే మా షాపులో ఇలా పెట్టుకున్నాం. వారం లోపు సీల్ తీయకుండా తెస్తే పూర్తి డబ్బు. సీల్ తీసి, అకౌంట్ పెట్టకుండా తెస్తే 3 శాతం కోత. అకౌంట్ పెట్టి వాడితే 8 శాతం. 52,000 మీద అది 4,160, దాదాపు నాకు పోయేదే. ఇంక్ పోసిన ప్రింటర్, చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్స్, గీకేసిన యాంటీవైరస్ కార్డు తీసుకోం. పాడైన సరుకుకి వీటిలో ఏదీ వర్తించదు. ఇదంతా బిల్లు మీద తెలుగులో ఉంటుంది. బిల్లు కొట్టకముందే నోటితో చెబుతాం. చెప్పడం ముఖ్యం. డబ్బు తీసుకున్నాక బయటపడే కోత ఎంత చిన్నదైనా అన్యాయమే, ముందే తెలిసిన కోతయితే కొనేవాళ్లు లెక్క వేసుకుంటారు. 15 శాతం, 20 శాతం కోసే షాపులు ఉన్నాయి. వాళ్లకి నిజంగా అంత పోతుందా అని అడగండి, లెక్క చెప్పమనండి. పోయినదానికంటే ఎక్కువ కోస్తే అది ఫీజు కాదు, రెండో లాభం.

అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. వెనక్కొచ్చిన పీస్‌కి కోత కోసి, మళ్లీ సీల్ వేసి, కొత్తదని ఇంకొకరికి పూర్తి రేటుకి అమ్మడం. అప్పుడు మొదటివాళ్ల దగ్గర ఏ నష్టానికి కోసినట్టు? కొత్త ల్యాప్‌టాప్ కొన్న వెంటనే దాని సీరియల్ నంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ తేదీ చూసుకోండి. మీరు కొన్న తేదీకంటే చాలా ముందే వారంటీ మొదలై ఉంటే షాపువాళ్లని కారణం అడగండి. ఓపెన్ బాక్స్ కొనడం తప్పేం కాదు, మంచి బేరమే. కాకపోతే ఓపెన్ బాక్స్ అని చెప్పి అమ్మాలి.

కోత లేకపోయినా పోయే డబ్బు ఒకటుంది. ఈఎంఐ మీద కొని తిరిగి ఇస్తే, బ్యాంకు తీసుకున్న ప్రాసెసింగ్ ఫీజు మామూలుగా వెనక్కి రాదు. పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి ఉంటే అది కూడా చాలాసార్లు తిరిగి రాదు. ఈ రెండూ కొనేముందే అడిగి తెలుసుకోవాల్సినవి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మా వైపు చాలా. థ్యాంక్స్‌గివింగ్ సేల్‌లో ల్యాప్‌టాప్, ఫోన్ కొని సంక్రాంతికి తెస్తుంటారు. అక్కడ తిరిగి ఇవ్వడం సులువని మనవాళ్లకి గట్టి నమ్మకం. నిజంగానే మనకంటే సులువు. బెస్ట్ బై లాంటి పెద్ద గొలుసు దుకాణం 2010 చివర్లో చాలా వస్తువుల మీద రీస్టాకింగ్ ఫీజు ఎత్తేసింది. అయినా నెట్‌వర్క్‌కి యాక్టివేట్ చేసే ఫోన్ల మీద 45 డాలర్లు, డ్రోన్లు, డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల వంటివాటి మీద 15 శాతం ఫీజు ఉంది. మామూలు కొనుగోలుకి గడువు 15 రోజులే. పండగ సీజన్లో కొన్నవాటికి జనవరి దాకా పొడిగిస్తారు గానీ ఆ వస్తువు కాకినాడ చేరాక ఆ గడువుతో మనకేం లాభం? పైగా ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే ట్రే ఉండదు, ఈ-సిమ్ మాత్రమే. అది తెలియక తెప్పించుకుని, మార్చడానికి దారి లేక మా షాపుకి తెచ్చి చూపించినవాళ్లున్నారు. నేను మాత్రం ఏం చేయగలను? అక్కడ కొన్నది అక్కడే పెట్టె విప్పి, రెండు రోజులు వాడి చూసి, అప్పుడు తెమ్మని పిల్లలకి చెప్పండి.

మన ఆన్‌లైన్ సైట్లలో ఫోన్లకి, ల్యాప్‌టాప్‌లకి ఎక్కువగా 7 రోజుల రీప్లేస్‌మెంటే ఉంటుంది, డబ్బు వాపసు కాదు. అది కూడా టెక్నీషియన్ వచ్చి చూశాకే. కానీ 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు లోపంతో వచ్చినా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోవాల్సిందే. ఆర్డర్ రద్దు చేస్తే ఛార్జీ వేయడానికీ ఒక షరతుంది: సైటువాళ్లు తమంతట తాము రద్దు చేసినప్పుడు తామూ అలాంటి ఛార్జీ భరించాలి. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే మాత్రం తొందరపడొద్దు. డెలివరీ కుర్రాడి ముందే పెట్టె విప్పించి, సీరియల్ నంబరు బిల్లుతో సరిచూసి, తెర, మూలలు చూసి, అప్పుడే ఓటీపీ చెప్పండి. పాపం అతనికి టైం లేదని మొహమాటపడి ముందే చెప్పేసే పెద్దవాళ్లని చాలామందిని చూశాను. ఓటీపీ చెప్పాక సరుకు బాగానే అందినట్టు లెక్క.

ఇంజినీరింగ్ అడ్మిషన్ల సీజన్లో మాకు వాపసు వచ్చే ల్యాప్‌టాప్‌లలో చెడిపోయినవి తక్కువ. సీటు రాగానే అమ్మానాన్నలు ఆనందంగా వచ్చి కొంటారు, ఆ రాత్రే అబ్బాయి సీల్ తీసి తన పేరుతో అకౌంట్ పెడతాడు. వారంలో కాలేజీ సీనియర్లు ఈ ర్యామ్ చాలదనో, గ్రాఫిక్స్ కార్డు ఉండాలనో చెబుతారు. అప్పుడు 8 శాతం కోయాల్సి రావడం నాకూ బాధే, ఆ తండ్రి ఎన్ని నెలలు దాచాడో తెలుసు కాబట్టి. అందుకే ఈసారి నుంచి ప్రతి పిల్లవాడికీ పెట్టె చేతికిచ్చేటప్పుడే చెబుతున్నాను: "కాలేజీకి వెళ్లి, మీ బ్రాంచికి ఏం కావాలో అడిగి వచ్చేదాకా సీల్ ముట్టుకోకు నాన్నా. ఈలోపు మార్చాలంటే పైసా తగ్గకుండా మారుస్తాను."