ఎనిమిది దెబ్బల్లో ఒక మోచేయి

మొన్న కచేరీలో బొమ్మ గీస్తుంటే ఒకాయన అడిగారు, "ఫోన్‌తో ఓ ఫోటో తీసుకుంటే అయిపోయేదానికి రెండు గంటలు మెడ వంచుకుని ఆ గీతలెందుకండీ?" అని. నవ్వి ఊరుకున్నాను, ఎందుకంటే అప్పటికప్పుడు నాకేమీ తోచలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తోచింది. నాకు జవాబులెప్పుడూ అన్నం దగ్గరే తోస్తాయి, అడిగినవాళ్లు అప్పటికి వెళ్లిపోయి ఉంటారు.

ముందు నా సంగతి. పొట్టకూటికి ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను, విజయవాడలోనే. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఓణీల ఫంక్షన్లు, నాయకుడి వెనకాల ఇరవై తలకాయలు, ఆ ఇరవైలో తన తల పక్కవాడి తలకన్నా చిన్నదైందని రాత్రి పదకొండింటికి ఫోన్లు. మా నాన్న ఏలూరు రోడ్డులో షాపులకి కుంచెతో బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీ వచ్చి ఆయన పని పోయింది, అదే ఫ్లెక్సీ ఇప్పుడు మా ఇంటికి తిండి పెడుతోంది, దీని గురించి మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోం. సాయంత్రాలు, ఆదివారాలు మాత్రం నావి. ఎక్కడ పాట వినిపిస్తే అక్కడికి పుస్తకం పట్టుకుని వెళ్లి గీస్తాను. కచేరీ, హరికథ, పెళ్లిలో సన్నాయి మేళం, ఏదైనా.

మా ఊరికి సంగీతం కొత్తకాదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు పాఠం చెప్పిన ఊరు, ఆయన దగ్గర బాలమురళీకృష్ణ కుర్రాడిగా నేర్చుకున్న ఊరు. సత్యనారాయణపురంలో ఒకప్పుడు ఇళ్ల మధ్య నుంచి రైలు వెళ్లేది, ఇప్పుడా పట్టాలు పోయి బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు వచ్చింది. రైలు కూత మధ్యలో ఆ వీధుల్లో సాధన ఎలా చేసేవారో అని అటు వెళ్లినప్పుడల్లా అనుకుంటాను. ఆకాశవాణి ఇక్కడికి 1948లో వచ్చింది. మా అమ్మకి సరిగమలు కూడా రావు, కానీ రేడియోలో భక్తిరంజని మొదలవందే మా ఇంట్లో కాఫీ దిగేది కాదు.

మొదటిసారి తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో ఒక గాత్ర కచేరీకి పుస్తకం తీసుకెళ్లాను. ఘోరం. ముఖం గీద్దామని మొదలుపెట్టా. పాడే మనిషి ముఖం ఒక్క క్షణం ఒకలా ఉండదు కదా, నోరు తెరుస్తారు, కళ్లు మూస్తారు, వయొలిన్ వైపు తిరిగి భలే అని నవ్వుతారు, నేను ముక్కు దగ్గర ఉండగానే మనిషి మారిపోతారు. గంటలో తొమ్మిది ముక్కులు గీశాను. పక్క సీట్లో పెద్దాయన తొంగిచూసి, "బాపు బొమ్మలా రాలేదే" అన్నారు. తెలుగునాట బొమ్మలు గీసే ప్రతివాడికీ ఈ మాట ఒకసారైనా తగులుతుంది. బాపుగారిలా వస్తే నేను ఫ్లెక్సీలెందుకు చేస్తానండీ.

ఇలా ఏడాది పైనే గడిచింది. ఒకరోజు ముఖాలతో విసుగొచ్చి, పాడుతున్నావిడ తొడ మీద తాళం వేస్తున్న కుడిచేయి చూస్తూ కూర్చున్నాను. ఆదితాళం. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది. మధ్యమకాలంలో, అంటే నడిమి వేగంలో, ఇదంతా ఆరేడు సెకన్లు. ఈ ఎనిమిదీ ఒక చుట్టు, దాన్నే ఆవర్తనం అంటారు. చెయ్యి కదిలిపోతోందని ఇన్నాళ్లూ ఏడ్చానే, అది ఎక్కడికీ పోవట్లేదు! ప్రతి ఆవర్తనానికీ సరిగ్గా అదే చోటికి, అదే ఎత్తుకి, అదే మోచేయి వంపుతో తిరిగొస్తోంది. ఈసారి మోచేయి గీశాను. చేయి వెళ్లిపోయింది, ఆగాను. తిరిగొచ్చింది, మణికట్టు గీశాను. అలా నాలుగైదు ఆవర్తనాలకి ఒక చేయి పూర్తయింది, బతికున్న చేయి.

ఫోటో సంగతి అడిగినాయనకి చెప్పాల్సిన జవాబు ఇదే. ఫోటోకి ఒక్క క్షణం చాలు, పాట అక్కర్లేదు. నాకు పాట కావాలి, ఎందుకంటే తర్వాతి గీత ఎప్పుడు గీయాలో చెప్పేది అదే. రాగాలాపన జరుగుతున్నప్పుడు నేను చేతులు గీయను, అప్పుడు తాళం ఉండదు, ఏ చేయి ఎటు పోతుందో పాడేవాళ్లకే తెలీదు. అప్పుడు తంబురా, చీర కుచ్చిళ్లు, మైకు స్టాండు, వేదిక మీద పూలకుండీ, ఇలా కదలనివన్నీ చకచకా కానిచ్చేస్తాను. కృతి ఎత్తుకోగానే చేతులు. అప్పటికప్పుడు సరిగమలు అల్లే స్వరకల్పన వేడెక్కేసరికి ఒక్క మృదంగమే. నాకు సంగీతం రాదు, రాగం పేరు అడిగితే పదింటికి మూడు చెప్తాను. కానీ పల్లవి దగ్గరికి ఎప్పుడు తిరిగొస్తారో ఇప్పుడు నా పెన్నుకి ముందే తెలుస్తోంది.

చూసీ చూసీ పట్టుబడిన చిన్న చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. హాల్లోంచి చూస్తే మృదంగం ఎడమ వైపు, వయొలిన్ కుడి వైపు ఉంటాయి, అందుకని ఎడమ పేజీ మృదంగానికి వదిలేస్తాను. ఒకసారి ఎడమచేతి వాటం మృదంగం ఆయన వచ్చారు, ఇద్దరూ చోట్లు మార్చుకుని కూర్చున్నారు, నేను వేసుకున్న లెక్కంతా తలకిందులు. వయొలిన్ తల కుడి కాలి చీలమండ మీద ఆనుతుంది కాబట్టి ముందు ఆ పాదం గీస్తే మిగతా మనిషి దానంతటదే కూర్చుంటుంది, భుజం దగ్గర మొదలెడితే వయొలిన్ గాల్లో తేలుతుంది. మృదంగం ఎడమ మూతకి కచేరీ ముందు తడిపిన రవ్వముద్ద అంటిస్తారు, అదే బొంబాయి రవ్వ, మనం ఉప్మా చేసుకునేదే. దాన్ని వేళ్లతో అద్దుతూ శ్రుతి చూసుకునే ఆ రెండు నిమిషాలే మొత్తం సాయంత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టం. అప్పుడింకా తమని ఎవరూ చూడట్లేదనుకుంటారు. ఇక తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే వంతు, వచ్చిందా, మృదంగం ఆయన ప్రాణం పెట్టి వాయిస్తుంటే సగం హాలు కాఫీకి లేస్తుంది, నాకు వేదిక కనపడదు. కోపం వచ్చేది. ఇప్పుడు లేచినవాళ్ల వీపులే గీస్తున్నాను.

పెన్ను విషయం కూడా చెప్పాలి. నా దగ్గరున్నది నాన్న ఇచ్చిన రాజమండ్రి రత్నం పెన్ను, నల్లటి ఎబొనైట్‌ది, అంటే గట్టి రబ్బరుది. స్వదేశీ రోజుల్లో, 1932లో మొదలైన పెన్నులవి. డ్రాపరుతో ఇంకు పోసుకోవాలి. ఒక కచేరీలో చీకట్లో ఇంకు పోసుకుందామని నేను చేసిన తెలివితక్కువ పనికి ముందు వరుసలో కంచిపట్టు చీర బలవ్వాల్సింది, అంగుళంలో తప్పింది, నా ప్యాంటు మాత్రం పోయింది. అప్పటినుంచి ఇంట్లోనే నింపుకుని వెళ్తున్నా.

డబ్బుల సంగతి అడుగుతారు అందరూ. రావు. ఒక సంగీత సభవాళ్లు నా బొమ్మ ఒకటి ఆహ్వానపత్రిక మీద వేసుకున్నారు, నాకు చెప్పలేదు, పేరు వేయలేదు. నాకా సంగతి తెలిసింది ఎలాగంటే ఆ కార్డు మా వీధిలో పంచారు. ఫోన్ చేస్తే "మీకు ప్రచారం కదండీ" అన్నారు. పేరు లేకుండా ప్రచారం ఎవరికండీ? పోట్లాడదామనుకుని, తర్వాతి కచేరీకి పాసు ఇవ్వరేమోనని భయపడి ఊరుకున్నాను. ఆ భయం మీద నాకింకా కోపంగానే ఉంది.

రెండేళ్ల క్రితం, ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నది, తమిళనాడులో తిరువయ్యారు వెళ్లాను. పుష్య బహుళ పంచమి, త్యాగయ్యగారి ఆరాధన. కావేరి ఒడ్డున సమాధి ముందు వందలమంది వరసల్లో కింద కూర్చుని ఆయన పంచరత్న కీర్తనలు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో అయిదు. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ మన తెలుగు. నా పక్కనున్న మామి ఒళ్లో పుస్తకం ఉంది, తెలుగు సాహిత్యం తమిళ లిపిలో. ఒక్క ముక్క తెలుగు మాట్లాడలేరు, సాహిత్యం మాత్రం నాకన్నా బాగా తెలుసు. సిగ్గేసింది, నిజం చెప్పాలంటే.

గీయడానికొస్తే, అయిదూ ఆదితాళమే. అంటే వందల చేతులు ఒకేసారి లేచి ఒకేసారి పడతాయి. పావుగంట దాకా ఏం గీయాలో తెలీక అలా చూస్తూ ఉండిపోయా. ఆ తర్వాత అర్థమైంది, ఇక్కడ ఆవర్తనం కోసం ఆగక్కర్లేదు, ఒకరి మోచేయి చూసి ఆ పక్కవాళ్ల మణికట్టు అందుకుని, వెనక వరసలో చంటిపిల్లని ఎత్తుకున్నావిడ వేళ్లతో ఆ చేయి పూర్తి చేయొచ్చు. అలా నాలుగు పేజీలు గీశాను. అందులో ఏ చెయ్యి ఎవరిదో నేనే చెప్పలేను. వచ్చేముందు బెంగళూరు నాగరత్నమ్మ విగ్రహం దగ్గర కాసేపు కూర్చున్నాను. ఆ సమాధికి గుడి కట్టించింది ఆవిడే, సొంత డబ్బుతో, ఆడవాళ్లని ఆరాధనలో పాడనివ్వని రోజుల్లో. త్యాగయ్యకి ఎదురుగా, ఆయన్నే చూస్తున్నట్టు ఉంటుంది. ఆవిడ బొమ్మ ఒక్కటే నేను తొందరపడకుండా గీసింది.

ఇంటికొచ్చాక ఆ నాలుగు పేజీలు చూసి చూసి, ఒక్కణ్ణే గీయడం ఎందుకనిపించింది. సియాటిల్లో ఒక పత్రికా చిత్రకారుడు, గాబ్రియేల్ కాంపనారియో, 2007లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ పద్ధతి ఇప్పుడు చాలా ఊళ్లలో ఉంది, అందరూ ఒకచోట చేరి కళ్లెదుట ఉన్నది గీయడం. నేనూ అలాంటిదే అనుకున్నా, కాకపోతే మధ్యలో ఒక వాయిద్యం ఉండాలన్నది నా షరతు. నెలకో ఆదివారం, కృష్ణ ఒడ్డున ఒక పార్కులో, పొద్దున్న ఆరున్నరకి. పేరు పెట్టలేదు, ఫీజు లేదు. ఒక కట్ట ఏ4 కాయితాలు, పిల్లల పరీక్ష అట్టలు, క్రేయాన్లు నావి. నది గాలికి కాయితాలు ఎగిరిపోతాయని మొదటి వారమే తెలిసింది, బట్టల క్లిప్పులు కొన్నాను.

మొదటి నెల నలుగురం, అందులో ఇద్దరు మా ఇంటివాళ్లే. రెండో నెల ముగ్గురం. ఆపేద్దామనుకున్నా. మూడో నెల సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకుంటున్న కుర్రాణ్ణి బతిమాలి తీసుకొచ్చా, ఆ చప్పుడికి నడకకొచ్చినవాళ్లంతా ఆగారు. ఆగినవాళ్లందరూ చెప్పే మొదటి మాట ఒకటే, "నాకు బొమ్మలు రావండీ." ఒక మామ్మగారు కూడా అదే అన్నారు. ధనుర్మాసం నెలంతా పదిహేను చుక్కల ముగ్గులు వేసే మనిషి! కాయితం చేతిలో పెడితే కాసేపు విని, "ఎన్ని దెబ్బలు నాయనా అవి?" అని అడిగారు. ఎనిమిది మామ్మగారూ అన్నాడు కుర్రాడు. ఎనిమిది చుక్కలు పెట్టి మెలికలు తిప్పడం మొదలెట్టారు, వాడు వాయించినట్టల్లా. నాకు గుండె ఝల్లుమంది. చివరికి మెలిక కలవలేదు. "మీవాడు మధ్యలో ఎక్కడో ఎగరగొట్టాడు" అని కాయితం నా మీద పడేశారు. కుర్రాడు నవ్వుతూ ఒప్పుకున్నాడు, నిజంగానే ఒకచోట తప్పాడట.

అక్కడ వాచ్‌మన్ కూడా గీస్తాడిప్పుడు. మనుషుల్ని గీయడు, అందరూ విడిచిన చెప్పులు గీస్తాడు. చాలా బాగా గీస్తాడు, అసూయగా ఉంటుంది.

అన్నిటికన్నా కష్టమైంది బుర్రకథ. కృష్ణ దాటి వెళ్తే బుర్రకథకి పేరుపడ్డ నాజర్‌గారి ఊరు పొన్నెకల్లు మాకు దగ్గరే, ఆ చుట్టుపక్కల ఇంకా చెప్పేవాళ్లున్నారు, ఒక దళం వచ్చింది. కథకుడికి భుజాన తంబుర, వేళ్లకి అందెలు, అటూ ఇటూ గుమ్మెట డోళ్లతో వంతపాడే ఇద్దరు. కూర్చుని పాడే కచేరీకి అలవాటుపడ్డ నా చెయ్యి బిత్తరపోయింది, ముందుకి నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు, ఒక గంతు, ఒక తిరుగుడు. అయితే "తందాన తాన" అన్నప్పుడల్లా ముగ్గురూ ఒక వరసలోకి వచ్చేస్తారు. ఆ సంగతి నాకన్నా ముందు కనిపెట్టింది ఎనిమిదేళ్ల పిల్ల. తందాన అనగానే గీయడం, కథలోకి వెళ్లగానే పెన్సిలు నోట్లో పెట్టుకుని వినడం. దానికెవరూ చెప్పలేదు. నాకు తెలుసుకోవడానికి ఏడాది పట్టింది మరి.

వచ్చే నెల డప్పు. ఇద్దరు వస్తామన్నారు. చిక్కొకటి వచ్చింది, వాయించే ముందు చర్మం బిగుసుకోవడానికి డప్పుని సెగకి చూపించాలి, పార్కులో నిప్పు పెట్టకూడదు. వాచ్‌మన్‌ని అడిగితే ససేమిరా అన్నాడు, తన ఉద్యోగం పోతుందన్నాడు, చెప్పులైతే ఎన్నైనా గీస్తానన్నాడు. భయపడుతూ డప్పు ఆయనకి ఫోన్ చేశాను. "ఏ నెలండీ?" అన్నారు. మే అన్నాను. "విజయవాడలో మే నెలకి నిప్పెందుకండీ, ఎండలో బెట్టి టీ తాగొద్దాం, అదే బిగుస్తది" అన్నారు.