తోక ఊపుతున్నాడని ఆగలేదు

ఆదివారం, పర్లాకిమిడి

పిన్నివాళ్ల కుక్క టామీ ఈ మధ్యాహ్నం 80 గ్రాముల డార్క్ చాక్లెట్ బార్ మొత్తం తినేశాడు. బరంపురం నుంచి తమ్ముడు తెచ్చింది. మంచం కింద చిరిగిన కాగితం చూసి పిన్నికి నోట మాట రాలేదు. టామీ మాత్రం తోక ఊపుకుంటూ వాకిట్లో తిరుగుతున్నాడు. "బాగానే ఉన్నాడుగా, సాయంత్రం దాకా చూద్దాం" అన్నాడు బాబాయి.

నాకు భయం వేసింది ఆ మాటకే. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం కుక్కలకి విషం. అది కుక్క ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. వణుకు, గుండెదడ లాంటివి పైకి కనపడేసరికి ఆరు నుంచి పన్నెండు గంటలు గడిచిపోవచ్చు. అప్పుడిక వాంతి చేయించినా పెద్దగా ఉపయోగం ఉండదు.

అక్కడే లెక్క వేసి బాబాయికి చూపించాను. డార్క్ చాక్లెట్‌లో గ్రాముకి సుమారు 5 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్, అంటే మొత్తం 400. టామీ బరువు 12 కేజీలు. కేజీకి 33 పడింది. కేజీకి 20 దగ్గరే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, 40 దాటితే గుండె మీద పడుతుంది, 60 దగ్గర ఫిట్స్ రావచ్చు. పాల చాక్లెట్ అయితే గ్రాముకి 2 మిల్లీగ్రాములే, ఇంత టెన్షన్ ఉండేది కాదు. కోకో పొడి అయితే డార్క్ కంటే చాలా ఎక్కువ. బాబాయి ఇంకేం మాట్లాడకుండా బండి తీశాడు.

ఆదివారం కదా, దొరక్కపోతే పాతపట్నం వెళ్దామనుకున్నాం గానీ ఇక్కడి పశువుల డాక్టర్‌గారే ఫోనెత్తారు. ఈలోగా ఎదురింటి మామ్మగారు పాపం ఉప్పునీళ్లు కలిపి తెచ్చారు. డాక్టర్‌గారు ఒడియాలో గట్టిగా వద్దన్నారు. ఎక్కువ ఉప్పు కుక్కకి మరో విషం. పాలు విరుగుడు కావు. ఇంట్లో ఏమీ పట్టించకుండా, చాక్లెట్ కాగితంతో సహా వెంటనే రమ్మన్నారు.

వాంతి చేయించారు. చాక్లెట్ చాలావరకు బయటికొచ్చింది. పిన్ని అక్కడే దండం పెట్టుకుంది. తర్వాత బొగ్గు మందు తాగించి, గుండె వేగం చూశారు. రాత్రంతా మాటిమాటికీ బయటికి తిప్పమన్నారు. మూత్రం లోపలే నిలిచిపోతే అందులోని థియోబ్రోమిన్ మళ్లీ రక్తంలోకి చేరుతుందట.

వచ్చేముందు పాయసంలో కిస్మిస్ సంగతి కూడా అడిగాను. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేం అన్నారు. పిన్ని ఇంటికి రాగానే ఆ డబ్బా అటక మీద పెట్టేసింది. రాత్రి రెండింటికి టామీని తిప్పే వంతు నాది.