‘సూపర్ అన్నా’ తర్వాత రాయాల్సిన రెండో వాక్యం

ఆదివారం మధ్యాహ్నానికల్లా మన నెల్లూరు, ఒంగోలు ఫొటో గ్రూపుల్లో బొమ్మలు వరసపెట్టి వచ్చి పడతాయి. పులికాట్‌లో ఫ్లెమింగోలు, మైపాడులో పొద్దుపొడుపు, కొత్తపట్నంలో వల లాగే జాలర్లు, ఏదో తిరునాళ్ళలో బండ లాగే గిత్తలు. వాటి కింద బొటనవేళ్ళు, ‘సూపర్ అన్నా’, ‘కేక’, ‘అదిరింది’. ఆ మాటలు ఉండాల్సిందే. చీకటితో లేచి, బండేసుకుని సూళ్ళూరుపేట దాకా పోయి తీసుకొచ్చినవాళ్ళకి ఆపాటి మెచ్చుకోలు దక్కాలి.

అయితే అంతటితో ఆపేస్తే ఈ వారం జరిగిన తప్పే పై వారం కూడా జరుగుతుంది. పక్షి మెడ మీద ఈకలన్నీ సున్నం కొట్టిన గోడలాగా ఒకటే తెలుపైపోయాయని చూసినవాళ్ళకి తెలుసు, తీసినవాళ్ళకి తెలియదు, ఎవరూ నోరు విప్పరు. ‘సూపర్’ తర్వాత ఇంకొక్క వాక్యం రాయండి: ఇందులో ఏది కుదిరింది, ఏ అంకె మారిస్తే ఇంకా కుదురుతుంది. కొత్తవాళ్ళు కెమెరా బీరువాలో పెట్టేయకుండా మళ్ళీ బయటికి తీసేది ఆ వాక్యం వల్లే.

ముందు ఫొటో పెట్టేవాళ్ళ సంగతి. ఉత్త బొమ్మ పెడితే చూసేవాళ్ళు ఊహించి చెప్పాలి. కింద ఇంత రాస్తే చాలు: ‘పులికాట్, జనవరి, పొద్దున 7.10. 400 ఎంఎం, 1/800, ఎఫ్ 6.3, ఐఎస్‌ఓ 400. రెక్క విప్పినప్పుడు లోపలి ఎరుపు కనబడాలనుకున్నా. రెక్కల కొసలు చెదిరిపోయాయి, ఎందుకని?’ ఆ అంకెలు వరసగా లెన్స్ ఎంత దూరం లాగుతుందో, షట్టర్ సెకనులో ఎన్నో వంతు తెరుచుకుందో, లెన్స్ రంధ్రం ఎంతో, వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందిస్తుందో చెప్పేవి. అయితే వాటికన్నా విలువైంది ‘కనబడాలనుకున్నా’ అన్న మాట. అది లేకపోతే ఒకరు ఆకాశం గురించి, ఒకరు క్రాపింగ్ గురించి, ఇంకొకరు రంగుల గురించి చెప్పి వెళ్ళిపోతారు. అది ఉంటే జవాబు సూటిగా వస్తుంది: ఎగిరే ఫ్లెమింగో రెక్క కొసకి 1/800 చాలదు, 1/2000 పెట్టండి, అదే వెలుతురులో ఐఎస్‌ఓ 1000 అవుతుంది. ఐఎస్‌ఓ 1000లో వచ్చే నాయిస్‌ని, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కల్ని, ఇంటికొచ్చాక తగ్గించుకోవచ్చు. చెదిరిన రెక్కని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా బాగుచేయలేదు.

ఇంకో మాట. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకి కుదించుకుపోతుంది, పైగా బాగా నలుగుతుంది. 4000 పిక్సెళ్ళ బొమ్మ అలా వచ్చినప్పుడు ‘షార్ప్‌గా లేదు’ అనడం అన్యాయం. పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి. షార్ప్‌నెస్ గురించే అడుగుతున్నట్టయితే డాక్యుమెంట్‌గా పంపండి. డాక్యుమెంట్‌గా పంపినప్పుడు అసలు ఫైలే వెళ్తుంది, షట్టర్, ఐఎస్‌ఓ వివరాలన్నీ అందులో ఉంటాయి. ఫోన్‌తో తీసి, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా వెళ్తుంది. ఆ సంగతి చివర్లో మళ్ళీ చెప్తాను. ఇన్‌స్టాగ్రామ్‌కైతే మీరే 1080 వెడల్పు, 1350 ఎత్తుకి కుదించి, కలర్ ప్రొఫైల్ (ఫైలులో రంగుల లెక్క) ఎస్‌ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. అడోబీ ఆర్‌జీబీలో ఉన్న ఫైలు కొన్ని యాప్‌లలో వెలిసిపోయినట్టు కనబడుతుంది, జనం ‘రంగులు పల్చగా ఉన్నాయి’ అంటారు, మీరేమో పోయి శాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతారు.

ఒక రోజుకి ఒకటో రెండో పెట్టండి. ఇరవై పెడితే ఎవరూ ఒక్కదాని మీద కూడా నిలబడరు. పక్షుల ఫొటోలు 300 తీసుకొస్తే ముందు కన్ను స్పష్టంగా లేనివి తీసేయండి, తర్వాత ముక్కో కాలో తెగినవి, ఆ తర్వాత ఒక పక్షి మెడ ఇంకో పక్షి ఒంట్లోకి కలిసిపోయినవి. పదీ పదిహేను మిగులుతాయి. వాటిలోంచి ఎంచుకోవడం తేలిక.

ఇక తెలుపు. మన ప్రాంతపు ఫొటోల్లో ఎక్కువ తగాదా తెలుపుతోనే. ఫ్లెమింగో తెలుపు, కొంగ తెలుపు, ఒంగోలు గిత్త తెలుపు, ఇస్కపల్లి ఉప్పుకుప్ప తెలుపు. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కి తెలుపని, నలుపని ఏమీ తెలియదు. ఫ్రేములో ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. పులికాట్‌లో మెరిసే నీళ్ళు, ఎండిన తెల్లటి బురద, దాని మీద తెల్లటి పక్షులు. వెలుగు ఎక్కువైందనుకుని కెమెరా తగ్గించేస్తుంది, పక్షి మట్టి కొట్టుకుపోయినట్టు వస్తుంది. అక్కడ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగుని మనం పెంచే, తగ్గించే అంకె) ప్లస్ 0.7 పెట్టాలి. గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టే నేలపట్టుకి వస్తే ఇది తిరగబడుతుంది. చెరువులో నిలబడ్డ చెట్లు ముదురు పచ్చ, మధ్యలో లేత రంగు గూడబాతు చిన్నగా కనబడుతుంది. కెమెరా ఆ పచ్చని చూసి వెలుగు పెంచుతుంది, గూడబాతు వెలిసిపోయినట్టు తెల్లగా వస్తుంది. అక్కడ మైనస్ 0.7. ‘తెల్ల పక్షికి ఎప్పుడూ ప్లస్’ అని ఎవరో చెప్పింది పట్టుకుని నేలపట్టులో ప్లస్ పెట్టినవాళ్ళ ఫొటోలే గ్రూపుల్లో ఎక్కువ కనబడతాయి. సూత్రం పక్షి రంగుతో కాదు, ఫ్రేములో ఎక్కువ చోటు ఆక్రమించినదాని రంగుతో. గిత్త ఫ్రేమంతా నిండితే ప్లస్, చీమకుర్తి నల్లరాయి ఫ్రేమంతా నిండితే మైనస్.

తీసిన వెంటనే తెరమీద హైలైట్ హెచ్చరిక ఆన్ చేసుకుని చూడండి. వెలుగు దాటిపోయిన చోటు మిణుకుమిణుకుమంటుంది. నీళ్ళ మీద తళుకు మిణుకుమంటే పర్వాలేదు, ఈక మిణుకుమంటే 0.3 తగ్గించి మళ్ళీ తీయండి. రా ఫైల్‌లో (కెమెరా పట్టిన సమాచారమంతా దాచే ఫైలు) కొంత వెనక్కి లాక్కోవచ్చు. జేపెగ్‌లో పోయిన ఈక పోయినట్టే.

మసక గురించి కొంచెం ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే వ్యాఖ్యలు రాసేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘ఫోకస్ పోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మసకలు నాలుగు రకాలు, నాలుగింటికీ మందు వేరు. ఫొటోని వంద శాతానికి పెద్దది చేసి, పక్షిని వదిలేసి చుట్టూ చూడండి. అన్నీ ఒకే దిక్కుకి జారినట్టు, గడ్డిపోచ కూడా జంటగా కనబడితే చెయ్యి కదిలింది. షట్టర్ పెంచాలి, లేదా మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోవాలి. కాళ్ళు స్పష్టంగా ఉండి రెక్క మాత్రమే చెదిరితే పక్షి కదిలింది. అప్పుడూ షట్టరే, కానీ ఇంకా చాలా ఎక్కువ. పక్షి ముందున్న తుంగ గానీ వెనకున్న గట్టు గానీ స్పష్టంగా ఉండి పక్షి మసకబడితే, అప్పుడు మాత్రమే ఫోకస్ తప్పినట్టు. సింగిల్ పాయింట్ ఫోకస్ పెట్టి కంటి మీదో, మెడ మొదట్లోనో నిలపమని చెప్పాలి.

నాలుగోది ఎండమావి మసక. పులికాట్‌లో దీని దెబ్బ తినని లెన్స్ లేదు. ఎండ ఎక్కేకొద్దీ బురద, పల్చటి నీళ్ళు వేడెక్కి పైగాలి అలలు అలలుగా లేస్తుంది. అర కిలోమీటరు అవతలున్న గుంపుకీ మనకీ మధ్య ఆ గాలంతా అడ్డం. ఫొటోలో ఏదీ ఒక దిక్కుకి జారదు. ఫ్లెమింగో కాళ్ళు నీళ్ళలో నీడలాగా వంకరపోతాయి, ఈకల అంచు నూనె పూసినట్టు ఉంటుంది, పక్కపక్క ఫ్రేముల్లోనే ఒకటి కొంచెం నయంగా, ఇంకొకటి అధ్వానంగా వస్తాయి. ఆ తేడాయే దాని గుర్తు. 1/4000 పెట్టినా, స్టాండ్ మీద బిగించినా పోదు. ఇది తెలియక మంచి 150–600 లెన్స్‌ని పాడైందని అమ్ముకోబోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి రాయాల్సిన రెండో వాక్యం: ‘లెన్స్ బాగానే ఉంది, పొద్దెక్కక ముందు మొదటి గంటన్నరలో తీసి చూడండి’. ఎండ ముదిరాక దూరపు గుంపుని వదిలి, రోడ్డు పక్కన దగ్గర్లో మేసే ఉల్లంకి పిట్టల్ని, కొంగల్ని తీసుకోవచ్చు. లేదా ఆ వంకర కాళ్ళనే బొమ్మగా, గుంపు మొత్తాన్ని సన్నటి గీతలాగా పెట్టి తీయవచ్చు.

ఫోన్‌తో తీసేవాళ్ళు గ్రూపుల్లో సగానికి పైగా ఉంటారు. వాళ్ళకి ఎఫ్ 8 అని చెప్తే ఏం లాభం? మైపాడు పొద్దుపొడుపుకి వాళ్ళకి పనికొచ్చేది వేరు. జనవరిలో సూర్యుడు 6.35 ప్రాంతంలో, మే చివర్లో 5.45 లోపే పైకొస్తాడు. దానికి అరగంట ముందే ఇసుకలో ఉండాలి, అసలు రంగులన్నీ అప్పుడే. ఫోన్ లెన్స్‌ని మెత్తటి గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు, ఉప్పుతుంపర కలిసి సూర్యుడి చుట్టూ చారలు గీస్తాయి. తెర మీద సూర్యుడి పక్కనున్న ఆకాశాన్ని నొక్కి పట్టుకుంటే లాక్ పడుతుంది, ఆ పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తుని కిందికి జరిపితే ఆకాశం రంగు నిలుస్తుంది. గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుంటే సముద్రం ఒక పక్కకి ఒరగదు.

పడవ ఉంటే ఒక్క క్షణం ఆగి దాని ముక్కు చూడండి. నిలబడి తీస్తే పడవంతా నల్ల ఇసుకలో కలిసిపోయి ముద్దలా ఉంటుంది. గొంతుకూర్చుంటే ముక్కు నీటిగీత దాటి ఆకాశంలోకి లేస్తుంది. ఇంకొంచెం వంగితే తాళ్ళు, తెడ్డు కూడా విడివిడిగా కనబడతాయి. రెండడుగుల ఎత్తు తేడా, ఫొటో మొత్తం మారిపోతుంది. ఇలాంటి మాట వ్యాఖ్యలో రాస్తే చదివినవాళ్ళు మరుసటి రోజే పోయి ప్రయత్నిస్తారు, వేల రూపాయలు పెట్టి ఏదీ కొనక్కర్లేదు.

కెమెరా తీసుకుపోయేవాళ్ళు ఒడ్డున లెన్స్ మార్చొద్దు. ఏసీ కారులోంచి దిగగానే సంచి తెరవొద్దు. 20–30 నిమిషాలు మూసే ఉంచితే అద్దం మీద తేమ పట్టదు. ఇంటికొచ్చాక ఉప్పు పట్టిన కెమెరా బాడీని పొడిగుడ్డతో రుద్దకండి, ఉప్పురేణువులు గీస్తాయి. మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, తర్వాత పొడిగుడ్డతో. మన గాలిలో తేమకి లెన్స్‌లో బూజు పట్టడం ఎంతసేపు? గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ మీటర్‌లో 40 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకోండి.

వ్యాఖ్య రాసే ముందు ఫోన్‌లో కళ్ళకి హాయినిచ్చే పసుపు మోడ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉండగా ‘పసుపు ఎక్కువైంది’ అని రాసేవాళ్ళు చాలామంది. ఒక్క తప్పే చెప్పండి, ఎక్కువ మార్పు తెచ్చేది ఎంచుకుని. ఐదు చెప్తే వినేవాళ్ళకి మిగిలేది దిగులే. చోటు చూపించాలంటే స్క్రీన్‌షాట్ తీసి వేలితో సున్నా చుట్టి పంపండి. అడగకుండా వాళ్ళ ఫొటోని మీరు ఎడిట్ చేసి ‘ఇట్టా ఉండాలి’ అని గ్రూపులో పెట్టొద్దు. ‘నేను క్రాప్ చేసి చూపించేదా?’ అని అడిగితే ఎవరూ కాదనరు. మొదటిసారి పెట్టినవాళ్ళకైతే బాగున్నది అందరిలో, దిద్దాల్సింది విడిగా మెసేజ్‌లో. ‘మీ లెన్స్ ఏంది?’ అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఫోన్‌తో తీసినవాళ్ళు ఆ మాటకి నొచ్చుకుని మళ్ళీ పెట్టరు.

మనుషుల ఫొటోలకి ముందు అనుమతి. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే ఆడవాళ్ళ ముఖాలు, ఉప్పు కయ్యల్లో పనిచేసేవాళ్ళ ముఖాలు వాళ్ళని అడిగే పెట్టాలి. మళ్ళీ పోయినప్పుడు ఒక ప్రింటు వాళ్ళ చేతిలో పెట్టండి.

‘సూపర్’ అసలు రాయకూడని సందర్భం ఒకటుంది. గూడు ఫొటో. దగ్గర నుంచి తీసిన గుడ్లు, నోరు తెరిచిన పిల్లలు, ఎగరడానికి రెక్కలెత్తిన గుంపు. మెచ్చుకుంటే రేపు ఇంకొకరు ఇంకాస్త దగ్గరికి పోతారు. పెద్ద పక్షి లేచిపోయిన గూటి మీద ఎండ పడుతుంది, కాకులు వాలతాయి. ఫ్లెమింగోలు మేత ఆపి, మెడలు నిటారుగా ఎత్తి, అన్నీ ఒకే వైపు నడవడం మొదలుపెడితే మనం ఎక్కువ దగ్గరికి వచ్చామని అర్థం. అక్కడే ఆగి వెనక్కి రావాలి. డ్రోన్ మాట అసలు ఎత్తకూడదు, పులికాట్ పక్షుల అభయారణ్యం, పక్కనే షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం). నేలపట్టులో చూసే గోపురం ఉంది, దాని మీది నుంచి 400 ఎంఎంతో గూళ్ళు చక్కగా అందుతాయి. కాబట్టి గూడు ఫొటో కింద మొదటి వాక్యమే ప్రశ్నగా రాయండి: ‘ఎంత దూరం నుంచి తీశారు?’ గోపురం నుంచి అంటే మనసారా మెచ్చుకోండి. దగ్గరికి పోయి అంటే మర్యాదగా తీసేయమని చెప్పండి. లొకేషన్ ఉన్న ఫైలు డాక్యుమెంట్‌గా వచ్చి ఉంటే చోటు వివరం కూడా అందరికీ చేరిపోయినట్టే, అడ్మిన్ ఆ మెసేజ్‌ని వెంటనే అందరికీ డిలీట్ చేయాలి. దూరం నుంచి తీసిందైతే, ఊరి పేరు లేకుండా ‘నెల్లూరు వైపు’ అని రాసి, లొకేషన్ తీసేసి మళ్ళీ పెట్టుకోమనండి.