పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం

స్త్రీ అధ్యయనాల్లో ఎం.ఏ. పరిశోధన వ్యాసానికి మా కోనసీమ ఆడపడుచుల భూమి హక్కును ఎంచుకున్నాను. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా కల్పించే హిందూ వారసత్వ చట్ట సవరణ, కేంద్రం 2005లో మేలుకోవడానికి ఎంతో ముందే, ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అయితే అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు.

రిజిస్ట్రారు కార్యాలయం అరుగు మీద, పుట్టింటి ఆస్తిలో తన వాటాను వదులుకునే హక్కు విడుదల పత్రానికి వేలిముద్ర వేసి వచ్చిన ఒక పెద్దావిడ, సిరా మరకను చీర చెంగుకు తుడుచుకుంటూ, “పుట్టింటికి రాకపోకలుండాలి కదమ్మా” అన్నారు. దాన్ని అమాయకత్వమని రాయడానికి నాకు మనస్కరించలేదు. పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాం కాబట్టి వాటా తీరిపోయిందనే అన్నదమ్ముల వాదనను మాత్రం నేను ఒప్పుకోను. నేను చూసిన ఇళ్లలో ఆ ఎకరం పాసుపుస్తకం ఎక్కువగా అల్లుడి పేరునే ఉంది.