క్లిక్కులు వస్తున్నాయి, ఆర్డర్లు మాత్రం నమోదు కావడం లేదు: కొత్త అఫిలియేట్ ప్రోగ్రామ్ నెల లెక్క

క్లిక్కులు 318, ఆర్డర్లు 2. మా మిద్దెతోట సైట్‌లో గ్రో బ్యాగులు, వేపపిండి, కోకోపీట్ పేజీలకు పెట్టిన కొత్త అఫిలియేట్ ప్రోగ్రామ్ (మా లింకు నొక్కి వెళ్లి కొంటే దుకాణం మాకు కమిషన్ ఇచ్చే ఏర్పాటు) ఈ నెలలో ఇచ్చింది ఇంతే. అవే పేజీల్లో పక్కనే ఉన్న అమెజాన్ లింకులకు 290 క్లిక్కులు వస్తే 19 ఆర్డర్లు పడ్డాయి. చదివేవాళ్లు వాళ్లే, వస్తువులు దాదాపు అవే. మరి ఇంత తేడా ఎందుకు? ఈసారి పోస్టంతా దీని గురించే.

మిగతా పనులు బాగానే సాగాయి. షేడ్ నెట్ పేజీకి కమిషన్ రావడం మొదలైంది. ‘ఈ లింకుతో కొంటే మాకు కమిషన్ వస్తుంది’ అన్న మాట ఇప్పుడు ప్రతి పేజీ పైనా ఉంది.

ఈ ప్రోగ్రామ్‌ని ఎంచుకోవడానికి కారణం ఉంది. తోట సామాను మాత్రమే అమ్మే దుకాణం, కమిషన్ 8 శాతం, కుకీ గడువు 30 రోజులు, అంటే లింకు నొక్కాక ఆ లోపు ఎప్పుడు కొన్నా బ్రౌజర్‌లో ఉండే కుకీ అనే గుర్తు వల్ల అది మా లెక్కలోకి రావాలి. 600 రూపాయల గ్రో బ్యాగుల సెట్ అమ్ముడైతే 48 రూపాయలు. అమెజాన్‌లో గడువు 24 గంటలే. ఆ 24 గంటల్లో కార్ట్‌లో వేసుకుంటే మాత్రం దాదాపు మూడు నెలల వరకు లెక్కలోకి వస్తుంది. మిద్దెతోట పెట్టేవాళ్లు ఒక్క పూటలో కొనేయరు. ఇంట్లో మాట్లాడుకుని, మిద్దె మీద స్థలం కొలుచుకుని, జీతం పడ్డాక కొంటారు. కాబట్టి 30 రోజుల గడువు మన పాఠకులకు సరిగ్గా సరిపోవాలి. కాగితం మీద చూస్తే ఇదే మంచి ప్రోగ్రామ్.

ముందు క్లిక్కుల సంగతి చూశాను. బాట్లను, అంటే మనుషులు కాకుండా ప్రోగ్రామ్‌లు చేసే క్లిక్కులను తీసేశాక మా సర్వర్ లాగ్‌లో 318 ఉంటే, నెట్‌వర్క్ (దుకాణానికీ మాకూ మధ్య క్లిక్కులు, ఆర్డర్లు లెక్కపెట్టే సంస్థ) డాష్‌బోర్డ్‌లో 301 ఉన్నాయి. ఆ 17 బహుశా యాడ్ బ్లాకర్ల దగ్గర ఆగిపోయి ఉంటాయి, ఎందుకంటే చాలా బ్లాకర్ల జాబితాల్లో క్లిక్‌ని దుకాణానికి మళ్లించే నెట్‌వర్క్‌ల రీడైరెక్ట్ డొమైన్లు ఉంటాయి. అంత తేడా మామూలే. అంటే క్లిక్ వాళ్ల దాకా చేరుతోంది. పోతున్నది ఆ తర్వాతే.

మొదటి అనుమానం కుకీ మీద. ఐఫోన్‌లోని సఫారీ 2019 నుంచి జావాస్క్రిప్ట్ పెట్టే కుకీలను ఏడు రోజుల్లో తీసేస్తుంది, కొన్ని రకాల ట్రాకింగ్ లింకులతో వస్తే ఒక్క రోజులోనే. అలాంటప్పుడు 30 రోజులు అన్నది పేరుకే. కానీ 318 క్లిక్కుల్లో ఐఫోన్లవి చాలా కొద్ది. ఫోన్ల నుంచి వచ్చినవి 274, అందులో అత్యధికం ఆండ్రాయిడే. కాబట్టి అసలు కారణం ఇది కాదు.

రెండో అనుమానం తెలుగు అక్షరాల మీద. ఏ పేజీ నుంచి క్లిక్ వచ్చిందో తెలియడానికి పేజీ పేరునే సబ్ ఐడీగా, అంటే లింకు చివర తగిలించే గుర్తుగా పంపిస్తున్నాను. లింకులో వెళ్లేటప్పుడు తెలుగులోని ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు మూడు బైట్లవుతుంది, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు పడతాయి. అంటే ఒక్కోదానికి తొమ్మిది. ‘వేపపిండి’ అన్న చిన్న మాటే 72 అక్షరాలు అవుతుంది. ఈ నెట్‌వర్క్ సబ్ ఐడీకి ఇచ్చే చోటు 50 అక్షరాలే, మిగతాది మధ్యలో తెగిపోతోంది. డాష్‌బోర్డ్‌లో కొన్ని క్లిక్కుల పక్కన పేజీ పేరు ఖాళీగా ఎందుకు ఉందో అప్పుడు అర్థమైంది. vp1, gb2 లాంటి పొట్టి కోడ్‌లకు బదులు తెలుగు పేర్లు వాడేవాళ్లు ఎవరైనా ఉంటే, మీ లింకులు కూడా ఒకసారి చూసుకోండి. పొట్టి కోడ్‌లు పెట్టగానే ఖాళీలు పోయాయి. ఆర్డర్లు మాత్రం పెరగలేదు.

అసలు ఆధారం పాఠకుల నుంచి వచ్చింది. మా పేజీ చదివి అదే దుకాణంలో గ్రో బ్యాగులు తెప్పించుకున్నామని ఇద్దరు మెయిల్ రాశారు. లింకు నొక్కే వెళ్లారట, ఇద్దరూ ఫోన్‌లోనే, ఇద్దరి దగ్గరా దుకాణం యాప్ ఉంది. డాష్‌బోర్డ్‌లో ఆ రెండు ఆర్డర్లూ లేవు. నమోదైన రెండూ కంప్యూటర్ నుంచి వచ్చినవి.

దాంతో పరీక్ష కొనుగోళ్లు చేయాలనుకున్నాను. మన లింకుతో మనమే కొంటే చాలా ప్రోగ్రామ్‌లు ఖాతా మూసేస్తాయి కాబట్టి, నెట్‌వర్క్ మేనేజర్‌కి మెయిల్ పెట్టి, ఆ కమిషన్ రద్దు చేసుకోమని రాసి అనుమతి తీసుకున్నాను. ఒక్కో పరిస్థితికి ఒక్కో సబ్ ఐడీ ఇచ్చి, ప్రతిసారీ కిలో వేపపిండే కొన్నాను. ల్యాప్‌టాప్‌లో చేసిన ఆర్డర్ 40 నిమిషాల్లో కనిపించింది. యాప్ లేని ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ నుంచి చేసిందీ వచ్చింది. మా వదిన ఫోన్‌లో యాప్ ఉంది. అక్కడ లింకు నొక్కగానే బ్రౌజర్ పక్కకు పోయి యాప్ తెరుచుకుంది. క్లిక్ నమోదైంది, ఆర్డర్ రాలేదు. వాపసు గడువు అయ్యేదాకా చూసినా రాలేదు. ఫేస్‌బుక్ లోపలి బ్రౌజర్‌లో ఇంకో ఇబ్బంది. అక్కడ దుకాణం ఖాతా లాగిన్ అయి ఉండదు, ఓటీపీ అడుగుతుంది. ఓపికగా అక్కడే పూర్తి చేస్తే ఆర్డర్ నమోదవుతోంది. కానీ సరుకు కొందామని వచ్చినవాళ్లు అంత ఓపిక పట్టరు, నేరుగా యాప్ తెరిచి కొనేస్తారు.

నిర్ధారించుకోవడానికి వదిన ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్ తనంతట తాను లింకులు తెరిచే ఆప్షన్ ఆపేశాను. ఈసారి అదే లింకు క్రోమ్‌లో తెరుచుకుంది, ఆర్డర్ గంటలోపే డాష్‌బోర్డ్‌కి వచ్చింది. ఫోన్ అదే, లింకు అదే, వస్తువు అదే. క్లిక్ మా దగ్గరి నుంచి వచ్చిందని చెప్పే క్లిక్ ఐడీ యాప్ గుమ్మం దగ్గరే పడిపోతోందన్నమాట. మేనేజర్‌ని సూటిగా అడిగితే ఈ క్యాంపెయిన్‌లో యాప్ ఆర్డర్లకు ట్రాకింగ్ లేదని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఆ సంగతి ప్రోగ్రామ్ పేజీలో 8 శాతం పక్కనే రాసి ఉండాల్సింది.

లింకు యాప్‌లోకి పోకుండా మధ్యలో ఒక పేజీ పెట్టి, కాసేపాగి పంపించే పద్ధతి ఉంది. పెట్టి చూశాను, క్రోమ్‌లోనే తెరుచుకుంది. వెంటనే తీసేశాను. పాఠకులకు అలవాటైన, లాగిన్ అయి ఉన్న యాప్‌ని వాళ్లకు అడ్డుపెట్టి నా కమిషన్ కాపాడుకోవడం నాకు నచ్చదు.

అందుకే ఇప్పుడు ప్రోగ్రామ్‌ని చూసే తీరు మార్చుకున్నాను. ముందు యాప్ ఆర్డర్లు లెక్కలోకి వస్తాయా అని రాతపూర్వకంగా అడుగుతాను, శాతం సంగతి ఆ తర్వాతే. అమెజాన్ కమిషన్ తక్కువే, చేత్తో ధరలు రాయకూడదు, 180 రోజుల్లో మూడు అమ్మకాలు రాకపోతే ఖాతా ఉండదు. అయినా నా ఖాతాని గుర్తించే ట్యాగ్ నేరుగా లింకులోనే ఉంటుంది, మధ్యలో రీడైరెక్ట్‌లు లేవు, ఫోన్‌లో కొన్నవాళ్ల ఆర్డర్లూ నా ఖాతాలో కనిపిస్తున్నాయి. పేజీలోని లింకులన్నిటినీ ఒక స్క్రిప్ట్‌తో కమిషన్ లింకులుగా మార్చే నెట్‌వర్క్‌లు సులువే, కానీ ఏ లింకు ఎటు వెళ్తోందో నా చేతిలో ఉండదు. అది నాకు పనికిరాదు.

తర్వాతి ప్రయత్నం కూపన్ కోడ్. లింకుకి బదులు పాఠకులకు కోడ్ ఇస్తే, యాప్‌లో కొన్నా ఫోన్ చేసి ఆర్డర్ ఇచ్చినా లెక్క తెగదు, వాళ్లకూ కాస్త తగ్గింపు దొరుకుతుంది. కడియం నర్సరీల్లో పార్శిల్ పంపేవాళ్లతో, నాటు విత్తనాలు అమ్మే చిన్న అమ్మకందార్లతో మాట్లాడాలి. నెలకోసారి లెక్క, బ్యాంకు ఖాతాకి చెల్లింపు అని కాగితం మీద రాసుకోవాలి. టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) సంగతీ ముందే తేల్చుకోవాలి, కమిషన్ మీద అది 2024 అక్టోబరు నుంచి 5 శాతం కాదు, 2 శాతం. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు పోసే రోజులకు ముందే, అంటే దసరాలోపు, ఆ పేజీలు కోడ్‌లతో సిద్ధం కావాలి. తోట సామానులో యాప్ ఆర్డర్లకు నిజంగా కమిషన్ ఇస్తున్న ప్రోగ్రామ్ మీకు తెలిస్తే, నిబంధనల స్క్రీన్‌షాట్‌తో రాయండి, వేపపిండితో మళ్లీ పరీక్షించి చెబుతాను.