టీవీలో రాని ఆట

క్రికెట్ ఉన్న దేశంలో కార్ల ర్యాలీ రేసుని ఎవరు చూపిస్తారు చెప్పండి! మన ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్ ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ మూడుసార్లు (2013, 2016, 2017) గెలిచాడు, 2019లో అర్జున అవార్డు కూడా వచ్చింది, మోటార్ స్పోర్ట్స్ నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటివాడు, అయినా మా ఆఫీసులో అడిగితే "ఎవరాయన?" అంటారు.

బెంగళూరులోనే ఉద్యోగం కాబట్టి కె-1000 ర్యాలీ చూడ్డానికి తుమకూరు వైపు వెళ్లాను. నిజం చెప్పాలంటే చూసేదానికంటే ఎదురుచూసేదే ఎక్కువ. కార్లన్నీ ఒకేసారి రావు, కాస్త గ్యాప్‌తో ఒక్కొక్కటే వదులుతారు, పోటీ అంతా గడియారంతోనే. ముందు ఇంజన్ చప్పుడు, తర్వాత చెట్ల పైన దుమ్ము, మలుపులో కారు అడ్డంగా జారుకుంటూ వచ్చి మన మొహాన ఇంత దుమ్ము కొట్టి మాయం. అంతే! పక్కసీట్లో కో-డ్రైవర్ మాత్రం తలెత్తకుండా పేస్ నోట్స్ చదువుతూనే ఉంటాడు, రాబోయే మలుపు ఎంత వంపో ఆయన ముందే చెప్తేనే డ్రైవర్ ఆ స్పీడులో పోగలడు. నాకైతే అసలు హీరో ఆయనే.

లైవ్ లేదు, టైమింగ్స్ చూద్దామని ఫోన్ తీస్తే సిగ్నలూ లేదు. గట్టు మీద కూర్చున్న ఊరి పిల్లలు మాత్రం ఏ కారు ఎంత వెనకబడిందో నోటిలెక్కలు వేసేస్తున్నారు. ఈసారి కోయంబత్తూరు ర్యాలీకి పోదామనుకుంటున్నా, ఎవరైనా వస్తారా?